చెరువు గట్టు మీద ఈహెచ్‌పీ టెస్ట్: ఉద్యోగం వదలొద్దు, హక్కు అసలే వదలొద్దు

భీమవరం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బయోటెక్నాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్న మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వనామి రొయ్యలో ఈహెచ్‌పీ (రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మజీవి రోగం) ఉందో లేదో ల్యాబుకి పంపకుండా గట్టు మీదే గంటలో తేల్చే కిట్ చేశారు. రంగు గులాబీ నుంచి పసుపుకి మారితే ఉన్నట్టు. ప్రిన్సిపాల్ గారు వెంటనే పేపర్ వేయమంటున్నారు. మందుల షాపు ఆయన ఒకరు 5 లక్షలిస్తాను, ఫార్ములా రాసిచ్చేయమంటున్నారు. ఇంట్లో వాళ్ళు మీ మరిది గారి పేరు మీద కంపెనీ పెడదామంటున్నారు. ఉద్యోగం మానేయాలా, అసలు చదువుని ఇలా అమ్ముకోవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. ఉద్యోగం ఇప్పుడు మానకండి. ఫార్ములా ఎవరికీ రాసివ్వకండి. పేపర్ పంపేలోపు ప్రొవిజనల్ (తేదీని ముందుగా దక్కించుకునే తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయండి. కాలేజీతో హక్కుల సంగతి కాగితం మీద తేల్చుకోండి. ఆ తర్వాత కిట్ పట్టుకుని చెరువుల మీదకి వెళ్ళండి. ఈ వరసే ముఖ్యం. వరస తప్పితే ఎంత మంచి కిట్ అయినా ఇంకొకరిదైపోతుంది.

నేను కాకినాడ వైపు చాలా ఏళ్ళు మైక్రోబయాలజీ చెప్పాను. చెరువు అడుగు మట్టికి వాడే బాక్టీరియా మిశ్రమం ఒకటి నా ల్యాబు నుంచి లైసెన్సు మీద కంపెనీకి వెళ్ళింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. రిటైరయ్యాక ఇలాంటి పనిలో ఉన్న అమ్మాయిల కాగితాలు చూసిపెడుతున్నాను. కింద చెప్పేది ఆ అనుభవంతోనే.

ముందు పేపర్ సంగతి. మన చట్టంలో కనిపెట్టిన సంగతి బయటికి పొక్కితే కొత్తదనం పోయినట్టే. విద్వత్ సభలో చదివిన పేపర్‌కి 31వ సెక్షన్ కింద 12 నెలల వెసులుబాటు ఉంది కానీ అది ఇరుకు దారి. అన్ని పత్రికలకూ, అన్ని సమావేశాలకూ వర్తించదు. యూరప్‌లో అయితే మీ పేపరే మీకు అడ్డం నిలుస్తుంది. పేపరంటే జర్నల్ ఒక్కటే కాదు. పోస్టర్, కాలేజీ ఓపెన్ డేలో పెట్టిన డెమో, యూట్యూబ్ వీడియో, మీ విద్యార్థి థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలోకి ఎక్కడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రిన్సిపాల్ గారితో గొడవ అక్కర్లేదు. "దరఖాస్తు నంబరు రాగానే పేపర్ పంపుతాను, పేటెంటు దరఖాస్తు కూడా కాలేజీ ఖాతాలోకే వస్తుంది" అనండి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఆయనకు రెండూ పనికొస్తాయి, కాబట్టి కాదనరు.

వ్యక్తుల పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలే. విద్యాసంస్థలకు కూడా 2021 నుంచి అదే రేటు. మనది చెన్నై పేటెంటు కార్యాలయం పరిధి. ప్రొవిజనల్ వేసిన 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ) ఇవ్వాలి. చాలామంది ప్రొవిజనల్‌ని అరపేజీలో ముగిస్తారు. అలా చేయకండి. అందులో రాసిన దానికే ఆ తేదీ దక్కుతుంది. ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రత దాకా పనిచేస్తుంది, ఎంజైమ్‌ని ఎలా ఆరబెట్టారు, ఫినాల్ రెడ్ బదులు ఇంకే రంగులు వాడొచ్చు, శాంపిల్ ఎలా కడిగారు, ఇవన్నీ రాయండి. చేసి చూడని ప్రత్యామ్నాయాలు కూడా రాయొచ్చు.

మీ కిట్ లాంప్ పద్ధతి (ఒకే వేడిలో ఉంచి డీఎన్‌ఏ కాపీలు పెంచడం) మీద నడుస్తున్నట్టు మీ వివరణ బట్టి అర్థమైంది. లాంప్‌ని 2000 ప్రాంతంలో జపాన్‌లోని ఐకెన్ కంపెనీ శాస్త్రవేత్తలు వెలుగులోకి తెచ్చారు. దానితో ఈహెచ్‌పీని పట్టొచ్చని కూడా ఇదివరకే పేపర్లు వచ్చాయి. కాబట్టి "లాంప్‌తో ఈహెచ్‌పీ గుర్తింపు" అని వేస్తే నిలవదు. మీ కొత్తదనం ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి. నాకైతే అది ఫ్రిజ్ లేకుండా నిలవుండే, ఆరబెట్టిన ఎంజైమ్ గుళికలోనూ, గట్టు మీద శాంపిల్ తయారుచేసే తీరులోనూ ఉన్నట్టు కనిపిస్తోంది. ఇంకొకటి: మన చట్టం 3(ఐ) సెక్షన్ రోగ నిర్ధారణ, చికిత్స పద్ధతులకు పేటెంటు ఇవ్వనంటుంది. అందుకే "పరీక్షించే పద్ధతి" అని కాకుండా "కిట్", "మిశ్రమం" అని క్లెయిమ్ (దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యం) రాయించండి. ప్రైమర్ వరసలను (రోగక్రిమి డీఎన్‌ఏని పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) విడిగా అడిగితే ప్రకృతిలో ఉన్నదేనని 3(సి) కింద అభ్యంతరం పెడతారు. జీవ వనరుల మీద పని కాబట్టి పేటెంటు మంజూరయ్యేలోపు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర కూడా నమోదు చూసుకోవాలి. నా బాక్టీరియా మన చెరువు మట్టిలోంచే తీసింది. ఆ కాగితం లేకపోతే నా పేటెంటు ముందుకి కదిలేదే కాదు.

ఇప్పుడు హక్కు ఎవరిది అన్న మాట. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు, కాలేజీ ఐపీ (మేధో హక్కుల) పాలసీ తీసి చదవండి. కేంద్ర విద్యాశాఖ 2019లో ఇచ్చిన జాతీయ ఆవిష్కరణల, స్టార్టప్‌ల విధానం ప్రకారం, సంస్థ పరికరాలూ డబ్బూ వాడి చేసినదైతే హక్కు కనిపెట్టిన వాళ్ళదీ సంస్థదీ ఉమ్మడిగా ఉండాలి. లైసెన్సు విషయంలో ప్రధానమైన మాట కనిపెట్టిన వాళ్ళదే. సొంత సమయంలో, సంస్థ వనరులు ముట్టుకోకుండా చేస్తే పూర్తిగా మీదే. స్టార్టప్ పెడితే సంస్థ ఇచ్చే సాయాన్ని బట్టి 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఇది మార్గదర్శకమే, శాసనం కాదు. కానీ మేనేజ్‌మెంట్ ముందు పెట్టి మాట్లాడటానికి ఇంతకన్నా మంచి కాగితం లేదు. మీ కాలేజీకి పాలసీయే లేకపోతే ఇదే నమూనాగా పెట్టుకుందామని మీరే ప్రతిపాదించండి.

కనిపెట్టిన వాళ్ళ జాబితాలో ఎవరి పేరుండాలో మీరు గట్టిగా ఉండండి. హెచ్‌ఓడీ గారి పేరు, కరెస్పాండెంట్ గారి పేరు "మర్యాదకి" చేర్చమంటారు. మర్యాద పేపర్ చివర కృతజ్ఞతల్లో చూపించొచ్చు. పేటెంటులో ఆలోచనకు నిజంగా తోడ్పడ్డ వాళ్ళే ఉండాలి. తప్పు పేర్లు రేపు పేటెంటుని సవాలు చేసే వాడికి ఆయుధమవుతాయి. అలాగే మీ ల్యాబులో గుళిక ఆరబెట్టే తీరు కనిపెట్టింది మీ ఎమ్మెస్సీ అమ్మాయే అయితే ఆ అమ్మాయి పేరు వదిలేయకండి. మన పేరు తీసేస్తే మనకెంత మండుతుందో మనకు తెలుసు.

మహిళలకు ఒక సదుపాయం ఉంది, చాలామందికి తెలియదు. 2019 సెప్టెంబరు సవరణతో, దరఖాస్తుదారులంతా వ్యక్తులై వాళ్ళలో ఒక్కరైనా మహిళ ఉంటే ఫారం 18ఏ కింద త్వరిత పరిశీలన అడగొచ్చు. వ్యక్తులకు ఆ ఫీజు 8,000. మామూలు పరిశీలనకు 4,000. కానీ గమనించండి: దరఖాస్తుదారుగా ప్రైవేటు కాలేజీ చేరిందంటే మహిళ అన్న ఆధారం పోతుంది. అందుకని కాలేజీ ఒప్పుకుంటే దరఖాస్తు మీ పేర్ల మీద వేసి, రాబడిలో కాలేజీ వాటాని వేరే ఒప్పందంలో రాసుకోవచ్చు. ఒప్పుకోకపోతే తర్వాత గుర్తింపు పొందిన స్టార్టప్ పేరు మీదకి బదలాయిస్తే ఆ దారిన త్వరిత పరిశీలన దొరుకుతుంది.

కాగితాల మాట అయింది. అసలు పని చెరువు మీద ఉంది.

మీ టెస్టు రంగు ఎందుకు మారుతుంది? డీఎన్‌ఏ కాపీలు పెరిగేకొద్దీ ఆమ్లం పుట్టి ఫినాల్ రెడ్ పసుపవుతుంది. అందుకోసం ట్యూబులో బఫర్‌ని (ఆమ్లం, క్షారం మార్పుని ఆపే పదార్థాన్ని) బాగా తగ్గించి ఉంచుతారు. అంటే శాంపిల్‌తో పాటు కాస్త క్షారం లోపలికి పోయినా, రోగం ఉన్న రొయ్య కూడా గులాబీగానే కనిపిస్తుంది. మన డెల్టాలో నీళ్ళు ఒక్క తీరున ఉండవు. ఆకివీడు, కాళ్ళ మండలాల వైపు ఉప్పు బాగా తక్కువ. మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పు క్రీకు నీళ్ళు. పీహెచ్ దించడానికో పెంచడానికో చల్లే మందులు వేరు, సున్నం వేరు. కాలేజీ ల్యాబులో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగిన హెపటోపాంక్రియాస్ (రొయ్య కాలేయం లాంటి అవయవం) మీద వచ్చిన ఫలితాన్ని ఏ రైతూ నమ్మనక్కర్లేదు. తీపి నీళ్ళ చెరువు, ఉప్పు నీళ్ళ చెరువు, సున్నం వేసిన మర్నాటి చెరువు, మూడు చోట్లా తీసిన ప్రతి శాంపిల్‌నీ రెండుగా చేసి, ఒక సగం మీ కిట్‌తో, రెండో సగం పీసీఆర్‌తో (ల్యాబులో చేసే డీఎన్‌ఏ పరీక్షతో) చేయించండి. ఏ ట్యూబు ఏ చెరువుదో చదివే మనిషికి తెలియకూడదు.

రంగు గురించి ఇంకో మాట. పట్టుబడి (రొయ్యలు పట్టడం) తెల్లవారుజామున జరుగుతుంది. చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే పళ్ళెం) చూసేది రాత్రి. గట్టు మీద షెడ్డులో వేలాడేది పసుపు బల్బు. ఆ వెలుగులో మీ గులాబీ నారింజ రంగులో కనిపిస్తుంది, పసుపు కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది. ఒక కుర్రాడు నాకు తెచ్చి చూపించిన కిట్ ల్యాబులో కళ్ళకు కట్టినట్టుండేది. అదే కిట్‌ని కాట్రేనికోన దగ్గర ఒక షెడ్డులో పెట్టి, టెక్నీషియన్లను వేరువేరుగా అడిగితే తలా ఒక మాట చెప్పారు. చివరికి కిట్ డబ్బాలోనే తెల్ల ఎల్‌ఈడీ లైటొకటి, పక్కన పోల్చుకోవడానికి రెండు రంగు పట్టీలు పెడితే సరిపోయింది. కిట్ అమ్ముడుపోయేదీ పోనిదీ తేల్చేవి ఇలాంటివే. ల్యాబులో కూర్చుంటే ఇవి తట్టవు. ఏప్రిల్, మే ఎండల్లో మోటారు సైకిలు డిక్కీలో పెట్టిన గుళిక పనిచేస్తోందా, కరెంటు పోయినప్పుడు వేడినీళ్ళ ఫ్లాస్కుతో 60–65 డిగ్రీలు గంటసేపు నిలుస్తోందా, అది కూడా చూడండి.

గట్టు మీదకి మీరే వెళ్ళండి. "మేడమ్ గారూ, మీరెందుకండీ బురదలోకి, కుర్రాణ్ణి పంపండి" అంటారు. అభిమానంతోనే అంటారు. కానీ కుర్రాణ్ణి పంపితే రైతుని ఎరిగింది ఆ కుర్రాడవుతాడు, మీరు కారు. రేపు కంపెనీ వాళ్ళు వచ్చి "ఫీల్డులో ఎవరికి తెలుసు" అని అడిగితే అతని పేరే వస్తుంది. నా లైసెన్సు ఒప్పందం మొదటి ప్రతిని కంపెనీ మనిషి మా వారి ఫోనుకి పంపాడు. మా వారు ఎల్‌ఐసీలో పనిచేసేవారు, బాక్టీరియాకీ ఆయనకీ సంబంధమే లేదు. ఆయన నవ్వుకుని నాకిచ్చారు. నేను మాత్రం కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాను: ఈ విషయంలో ప్రతి కాగితం, ప్రతి ఫోను నాకే రావాలి అని. ఆ తర్వాత ఆ పద్ధతి మారింది.

కిట్ ఎవరు కొంటారో కూడా గట్టు మీదే తెలుస్తుంది. ఈహెచ్‌పీకి మందు లేదు. స్పోరు (రోగక్రిమి విత్తనం లాంటిది) మట్టిలో ఉండిపోతుంది. పంట అయ్యాక చెరువు ఎండగట్టి, కాల్చిన సున్నం హెక్టారుకు 6 టన్నుల దాకా వేసి దున్నడం లాంటి పనులే దారి. రొయ్య చచ్చిపోదు, ఎదగదు. మేత తింటుంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు అన్న లెక్క) రాదు, సైజు తేడాలు వస్తాయి. చెరువు మధ్యలో "ఉంది" అని తెలిస్తే రైతు చేయగలిగింది ముందే పట్టేయడమే. అందుకని అప్పుడు టెస్టుకి డబ్బు పెట్టడానికి మనసొప్పదు. పైగా మేత డీలర్లు, మందుల షాపుల వాళ్ళు నీటి పరీక్షలు ఉచితంగా చేసిపెట్టడం రైతుకి అలవాటు. డబ్బు పెట్టేది సీడ్ (రొయ్య పిల్ల) కొనేటప్పుడు. లక్షల పిల్ల దించే ముందు, పిల్లను పుట్టించి అమ్మే హేచరీ వాడి కాగితం నమ్మాలా వద్దా అన్న క్షణంలో మీ టెస్టుకి విలువ ఉంది. తర్వాత చెరువు సిద్ధం చేసుకునేటప్పుడు మట్టి పరీక్షకి. కాబట్టి మీ కొనుగోలుదారు ఒక్కో రైతు కంటే సీడ్ కొనిపెట్టే కన్సల్టెంటు, చిన్న ల్యాబు, హేచరీ. అయితే సీడ్ పిల్ల చాలా చిన్నది, దాని నుంచి శాంపిల్ తీసే తీరు పెద్ద రొయ్యకి వేరు. కిట్‌ని ఆ వైపు మళ్ళించండి.

ఇక ఆ 5 లక్షలు. అది ధర కాదు, మీ నోరు మూయించే మొత్తం. అమ్మేస్తే ఆయన దాన్ని తయారు చేయొచ్చు, ఊరికే బీరువాలో పెట్టేయొచ్చు కూడా. మందులు అమ్ముకునే మనిషికి "మందు లేదు" అని చెప్పే టెస్టు అంత ఇష్టమైన సరుకు కాకపోవచ్చని కూడా ఆలోచించండి. ఆయన నిజంగా అమ్మాలనుకుంటే లైసెన్సు ఇవ్వండి, హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. ఒప్పందంలో ఇవి ఉండాలి: ఎన్నాళ్ళకు, ఏ జిల్లాలకు, రొయ్యకేనా చేపకు కూడానా, ఏటా కనీసం ఇంత రాయల్టీ, ఫలానా గడువులోగా మార్కెట్‌లో పెట్టకపోతే లైసెన్సు రద్దు, మీరు తర్వాత చేసే మెరుగుదలలు మీవే, డబ్బా మీద మీ పేరు లేదా మీ ల్యాబు పేరు. కనీస రాయల్టీ, రద్దు గడువు, ఈ రెండింటికీ ఒప్పుకోని మనిషి మీ కిట్ అమ్మడానికి రాలేదు.

మరిది గారి పేరు మీద కంపెనీ. ఆయన మంచివారే అయి ఉండొచ్చు, నేను ఆ మాట అనడం లేదు. కానీ మీరు వాటాదారూ కాక, డైరెక్టరూ కాక మీ ఆవిష్కరణ ఆ కంపెనీలోకి పోతే చట్టం దృష్టిలో మీరు దానికి ఎవరూ కారు. ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి దాచాలి అనుకుంటున్నారేమో, దాచొద్దు. అనుమతి అడగండి. అదే 2019 విధానం అధ్యాపకులు స్టార్టప్ పెట్టుకోవచ్చంటోంది, దానికోసం సెలవు పెట్టుకునే వీలు ఇవ్వమంటోంది. కాలేజీ పరిశోధనా కంపెనీ పనీ కలిపేయకుండా వేరు చేయాలన్నదే షరతు. మరిది గారికి వ్యాపారం తెలిస్తే రోజువారీ పని చూసే భాగస్వామిగా, రాసుకున్న వాటాతో తీసుకోండి. ఎక్కువ వాటా మీ పేరున, పేటెంటు మీ పేరున లేదా మీరున్న కంపెనీ పేరున ఉండాలి. బంగారం, ఇంటి కాగితాలు మాత్రం దీని కోసం బ్యాంకులో పెట్టకండి.

డబ్బుకి వేరే దారులున్నాయి. నమూనా తయారీకి డీఎస్‌టీ (కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం) వారి నిధి ప్రయాస్ పథకం కింద 10 లక్షల వరకు గ్రాంటు. బయోటెక్ అయితే బైరాక్ (బయోటెక్ పరిశ్రమకు సాయపడే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి బిగ్ అనే గ్రాంటు, 18 నెలలకు 50 లక్షల వరకు. కాలేజీ ఉద్యోగి అయితే నిరభ్యంతర పత్రం అడుగుతారు, అందుకే హక్కుల కాగితం ముందు తేల్చుకోమన్నాను. హైదరాబాదులోని నార్మ్ (వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) ప్రాంగణంలో ఉన్న ఎ-ఐడియా ఇంక్యుబేటర్ వ్యవసాయ, మత్స్య ఆలోచనలు చూస్తుంది. పేటెంటు పని మీకే నేర్చుకోవాలనుంటే డీఎస్‌టీ మహిళలకు మేధో హక్కుల్లో శిక్షణ ఇస్తుంది. అలా నేర్చుకుని పేటెంట్ ఏజెంట్లయిన మహిళలున్నారు. దరఖాస్తు రాయించుకోవడానికి అలాంటి వాళ్ళను వెతుక్కోండి, సైన్సు విడమరిచి చెప్పక్కర్లేదు.

"నా ఒక్కదానికే ఇంత ఇబ్బందా" అన్నారు. కాదమ్మా. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 4,000 మందికి పైగా జీవశాస్త్ర అధ్యాపకులను చూస్తే, మహిళలు పురుషుల రేటులో సుమారు 40 శాతమే పేటెంట్లు తీసుకుంటున్నారని తేలింది. వాళ్ళ పరిశోధనలో లోపం లేదు. కంపెనీలతో పరిచయాలు తక్కువ, వ్యాపారం వైపు వెళ్తే పరిశోధనకీ బోధనకీ దెబ్బ తగులుతుందన్న సంకోచం ఎక్కువ. అమెరికాలో ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంలో సంగీత భాటియా, సూసన్ హాక్‌ఫీల్డ్, నాన్సీ హాప్కిన్స్ అనే ముగ్గురు ప్రొఫెసర్లు కలిసి లెక్క తీస్తే, సైన్సు, ఇంజనీరింగు విభాగాల అధ్యాపకుల్లో మహిళలు 22 శాతం, కంపెనీలు పెట్టిన వాళ్ళలో పదో వంతే. పురుషుల స్థాయిలో పెట్టి ఉంటే మరో 40 బయోటెక్ కంపెనీలు వచ్చేవని వాళ్ళు చెప్పారు. అంత పెద్ద చోటే అలా ఉంటే భీమవరంలో మీకు ఒంటరిగా అనిపించడంలో వింత లేదు. అందుకే పరిచయాలు పనిగట్టుకుని పెంచుకోండి. ఆక్వా ఎగ్జిబిషన్‌లకు వెళ్ళి స్టాల్ దగ్గర నిలబడి అడగండి. దరఖాస్తు నంబరు వచ్చాకే కిట్ చూపించండి, అది మాత్రం మరవొద్దు.

చదువు అమ్ముకోవడం తప్పేమో అన్నారు కదా, దానికి మీ ఊరి మనిషినే చూపిస్తాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనకు నాయకత్వం వహించారు. బోదకాలుకి వాడే డీఈసీ మందు 1947లో వెలుగు చూసింది ఆ కంపెనీ నుంచే. బోదకాలు నివారణకు మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి ఇచ్చిన మాత్ర అదే. ఆ రసాయనం పత్రికలో పేపరుగా ఆగిపోయి ఉంటే కాళ్ళు వాచిన మన వాళ్ళకు ఏమీ అందేది కాదు. ఎవరో తయారు చేసి, డబ్బాల్లో పెట్టి, ధర కట్టి పంపాలి. మీ టెస్టు కూడా అంతే. సీడ్ దించే ముందు తెలిసుంటే అప్పుల్లో పడకుండా బయటపడే కౌలు రైతులు మన మండలాల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్ళకు అందేలా ధర పెట్టే అధికారం మీ చేతిలో ఉండాలంటే హక్కు మీ చేతిలో ఉండాలి.

ఈ వారంలో చేయాల్సింది: ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి తేదీ వేసి, మీ సంతకం, కిట్ పనిలో లేని ఒక సహోద్యోగి సాక్షి సంతకం పెట్టించండి. ప్రిన్సిపాల్ గారికి ఆవిష్కరణ వివరం తెలియజేస్తూ ఈమెయిల్ పంపండి, నోటితో చెప్పి ఊరుకోవద్దు. షాపు ఆయనకు "ఆలోచిస్తున్నాం" అని చెప్పండి, గోప్యత ఒప్పందం సంతకం కాకుండా ఏ వివరమూ ఇవ్వొద్దు. మీ కాలేజీ పాలసీలో మేధో హక్కుల పేరా ఉంటే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను. ప్రైమర్ వరసలు, గుళికలో కలిపేవాటి పాళ్ళు మాత్రం ఇక్కడ రాయకండి.